ఫైరింజను రేటు

అగ్నిమాపక శాఖలో కొత్తగా చేరిన మా వీధి అమ్మాయి మొన్న మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. కూర్చోగానే అడిగింది: "పెద్దమ్మా, అన్నల కాలంల నువ్వు ఫైర్ స్టేషన్ల పని చేసినవట గదా. నిప్పంటే భయం కాలేదా?"

నిప్పును దగ్గరగా చూసింది రెండే సార్లని చెప్పాను. పాపం, నిరాశపడింది. నేను గుమస్తాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు చోట్లా కలిపి ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు పని చేశాను. భయం సంగతి ఆ పూట ఆమెకు సరిగా చెప్పలేకపోయాను. నోటితో చెప్పడం నాకు రాదు. అందుకే రాస్తున్నాను, ఆమె కోసం, ఆమె వెనక చేరబోయేవాళ్ల కోసం.

ముందే ఒక మాట. తారీఖు, టైము రాసి పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఏడాదికొక డైరీ చొప్పున అన్నీ అలమరలో ఉన్నాయి. అయినా చివరన చెప్పే సిరిసిల్ల సంగతి తప్ప, ఏది ఏ స్టేషన్లో జరిగిందో రాయను. అప్పటివాళ్లు కొందరు ఇంకా పెన్షను తీసుకుంటున్నారు. వాళ్లను పేరు పెట్టి నిలదీయడానికి నేనేమీ తప్పు చేయనిదాన్ని కాదు. ఆ తప్పు గురించే ఇదంతా.

నా బల్ల మీది ఫోను

ఫోను ఎత్తడానికి నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరే ఉండేవారు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పైపు పట్టుకుని బండి మీద పోవాల్సిందే, ఎందుకంటే పైపు పట్టేవాళ్లూ తక్కువే. రెండోవారిది రాత్రి డ్యూటీ. కాబట్టి పగటిపూట ఫోను నా బల్ల మీదికి వచ్చింది. బండి ఒక్కటే. దాని కింద అరవై ఒక్క ఊళ్లు. ట్యాంకులో నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు. పెద్ద పైపు పూర్తిగా విప్పితే పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. జనం మాత్రం ఆ ఎర్ర బండిలో చెరువంత నీళ్లున్నాయని అనుకునేవారు. డీజిల్‌కు మూడు నెలలకొకసారి పైసలు వచ్చేవి. మూడో నెల సగంలోకి వచ్చేసరికి, గంట మోగితే అందరం మొదట బండి వైపు కాదు, డీజిల్ డ్రమ్ము వైపు చూసేవాళ్లం.

పట్నంలో ఆలస్యమైతే జనం ఊరుకునేవారు కాదు. మల్లయ్య అని మా లీడింగ్ ఫైర్‌మన్, అంటే బండి మీద పోయేవాళ్లకు పెద్ద. మనిషి మంచివాడు, నోరు ఇంకా మంచిది. తిరిగి రాగానే నా బల్ల ముందు నిలబడి లెక్క చెప్పేవాడు.

"అక్కా, రాసుకో. ఇయ్యాల మూడు రాళ్లు, రొండు చెప్పులు."

"చెప్పులు జోడా, ఒంటివా?"

"ఒంటియే అక్కా. జోడైతే తొడుక్కుందును."

అప్పుడు నాకు ఆ జనం మీద కోపం వచ్చేది. మనవాళ్లు ప్రాణాలకు తెగించి పోతే రాళ్లు వేస్తారా అని. ఆ కోపం తప్పని తెలియడానికి ఒక ఊరు కాలిపోవాల్సి వచ్చింది.

పల్లెలకు పోవడం వేరే కథ. లోపలి ఊరికి బండి కదిలే ముందు పోలీసులకు ఫోను చేసి చెప్పాలని ఆజ్ఞ. కల్వర్టుల కింద అన్నలు, అంటే నక్సలైట్లు, మందుపాతర పెట్టారో లేదో ఎవరికీ తెలియని కాలం. మా వాళ్లదీ ఖాకీ బట్టలే. దూరం నుంచి చూసేవాడికి పైపు పట్టిన ఖాకీకీ తుపాకి పట్టిన ఖాకీకీ తేడా ఏం తెలుస్తుంది? డ్రైవరు యూసుఫ్ దీనికి ఒక పద్ధతి కనిపెట్టాడు. పెద్ద రోడ్డు దిగగానే బండి ఆపేవాడు. అందరూ అంగీలు విప్పి సీటు కింద కుక్కేవారు. బనీన్ల మీద పోయి మంట ఆర్పి, మళ్లీ పెద్ద రోడ్డు ఎక్కాక అంగీలు తొడుక్కునేవారు. ఈ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. బనీన్లు మాత్రం ఎవరి జీతంలోంచి వాళ్లే కొనుక్కున్నారు.

బాయి నీళ్ల బిల్లు

చందుర్తి వైపు, స్టేషనుకు ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. అరవై రెండు ఇండ్లు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, మోటరు సరిచేయడానికి దిగిన మనిషి వ్యవసాయ బాయిలో పడిపోయాడు. మా వాళ్లు పోయి శవాన్ని తీశారు. దానికి పైసా లేదు. ప్రాణం కోసం, నిప్పు కోసం పోతే ఎవరూ ఏమీ కట్టనక్కరలేదు. రూలు అది.

శవం తీశాక సర్పంచి మల్లయ్య చేతులు పట్టుకున్నాడు. "ఆ నీళ్లు ఇగ ఎవలూ ముట్టరు సారూ. మీ పంపుతోని బాయి తోడిచ్చి పోండ్రి" అన్నాడు. మూడు గంటలు తోడారు. రూలు ప్రకారం అది చార్జీ పని. గంటకు ఇంత, కిలోమీటరుకు ఇంత.

మల్లయ్య సాయంత్రం వచ్చి సంగతి చెప్పాడు. నేను బిల్లు పుస్తకం తీశాను.

"అక్కా, శవమెల్లిన బాయికి బిల్లేంది?" అన్నాడు.

"శవానికి కాదు, నీళ్లకు."

"గా ఊరోళ్లకు గీ తేడా ఎట్ల ఎరుకైతది?"

"ఎరుక చేసుకోవాలె" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. అచ్చు ఫారంలో వివరం రాయడానికి ఒకే ఒక వరస ఉండేది. అందులో పట్టేట్టు, గుండ్రని అక్షరాలతో రాశాను: "ఫైరింజను వచ్చినందుకు, మూడు గంటలు, రూ. 612." బాయి అన్న మాట లేదు. తోడిన మాట లేదు. లెక్క మాత్రం పైసతో సహా సరిగ్గా ఉంది.

పదకొండో రోజుకు మొత్తం డబ్బు వచ్చింది. పట్నంలో ఒక రైసుమిల్లు యజమాని రెండేళ్లుగా ఎగ్గొడుతున్న కాలం అది. మా పై అధికారి అందరి ముందూ "చూడుండ్రి, వసూలంటే గిట్లుండాలె" అన్నాడు. నాకు గర్వమైంది. ఇంటికి పోతూ పావుకిలో జిలేబీ కొనుక్కున్నాను. డైరీలో అదీ రాసి ఉంది.

తువ్వాల

మరుసటి ఏడు ఏప్రిల్. గురువారం. మధ్యాహ్నం ఒకటీ నలభై. టిఫిను డబ్బా మూత తీశాను, ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా దుమ్ము. మెడలో తువ్వాల తీసి నా బల్ల మీద పెట్టి ముడి విప్పాడు. లోపల పదిరూపాయల నోట్లు, వాటి మీద బడి పుస్తకంలోంచి చింపిన కాగితం.

"మేడం, పోయినపారి ఆరువందల పన్నెండైనయి. ఇప్పుడు నాలుగువందల డెబ్బయే జమైనయి. తక్కినయి ఎల్లుండి అంగడినాడు తెచ్చి కడుతం. బండి పంపుండ్రి."

నాకు అర్థం కాలేదు. "బండి ఎందుకు?" అన్నాను.

"మా ఊరు కాలుతాంది."

ఈ మాట అతను చివరికి చెప్పాడు. ముందు పైసలు పెట్టి, లెక్క చెప్పి, బాకీకి గడువు అడిగి, ఆ తరువాత చెప్పాడు.  

గంట కొట్టాను. అతని పేరు గంగరాజం. అరుస్తూ అడిగాను, "ఎప్పుడంటుకుంది?" అని.

"పదకొండు దాటినంక. ఫస్టు గడ్డివాము అంటుకున్నది. కుండలతోని పోసినం. ఆరుతదనుకున్నం, ఆరలే. ఇగ చందా ఎత్తినం."

"నిప్పు మండుతుంటే చందానా?"

అతను నన్ను వింతగా చూశాడు. "మరి ఉత్తచేతులతోని ఎట్లత్తం మేడం?"

యూసుఫ్ అప్పటికే బండి తిప్పాడు. మల్లయ్య గంగరాజం రెక్క పట్టి పైకి లాగాడు. నేను పోలీసులకు ఫోను తిప్పుతుండగానే, జవాబు కోసం ఆగకుండా, బండి గేటు దాటింది. ఒకటీ నలభై మూడు. అలా ఆజ్ఞ తప్పి యూసుఫ్ అంతకు ముందు ఎన్నడూ పోలేదు. అందుకు తరువాత మెమో వచ్చింది. జవాబు నేనే రాసిచ్చాను.

తువ్వాల నా బల్ల మీదే ఉండిపోయింది. లెక్కపెట్టాను. నలభై ఏడు నోట్లు. కాగితం మీద పెన్సిలుతో నలభై ఏడు పేర్లు. ఇంటికి పది. మొదటి పేరు పెద్ద లచ్చవ్వ.

సాయంత్రం ఆరున్నరకు బండి తిరిగి వచ్చింది. మల్లయ్య నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. రాళ్ల లెక్క, చెప్పుల లెక్క చెప్పలేదు.

"ఒక్కలు కూడ తిట్టలే అక్కా" అన్నాడు. "బండిని చూసి దండం పెట్టిండ్రు."

పద్నాలుగు ఇండ్లు పోయాయి. ఒక మనిషి పోయింది. గొర్రెపిల్లల కోసం లోపలికి పోయి, దూలం పడి, పెద్ద లచ్చవ్వ.

ఇప్పుడు లెక్క. కుండలతో కాదని తేలి చందా మొదలైంది పదకొండున్నరకు. చందా ఎత్తడానికి యాభై నిమిషాలు. ఫోనున్న పెద్ద ఊరికి గంగరాజం ఏడు కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. అక్కడి ఫోను చచ్చిపోయి ఉంది. అన్నలు టెలిఫోను ఎక్స్చేంజి పేల్చి అప్పటికి అయిదు నెలలు, ఎవరూ బాగు చేయలేదు. బస్సు కోసం నిలబడ్డాడు, ఎక్కాడు, మా దగ్గరికి వచ్చాడు. బండి ఊరు చేరింది రెండున్నరకు. ఒకటిన్నరకు గాలి తిరిగింది. లచ్చవ్వ లోపలికి పోయింది రెండింటికి. చందా యాభై నిమిషాలు తీసేస్తే మా బండి ఒకటీ నలభైకి అక్కడ ఉండేది. బస్సులు వేరు దొరికేవేమో, టైర్లు పగిలేవేమో అని నన్ను ఓదార్చినవాళ్లున్నారు. ఈ లెక్క నేను చాలాసార్లు చేశాను. ఎప్పుడు చేసినా ఇరవై నిమిషాలు మిగులుతాయి.

గోడ మీద నా రాత

మూడో రోజు ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి నేనే పోయాను. ఆడమనిషి ఆ వైపు పోవద్దని ఆఫీసులో అందరూ అన్నారు. మల్లయ్య మామూలు బట్టల్లో తోడు వచ్చాడు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచాం.

పంచాయతీ గది కాలలేదు. అరుగు మీద పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి, "మిగిలిన బాకీకి అచ్చిండ్రా అమ్మా?" అని అడిగాడొక పెద్దమనిషి. ఎల్లుండి అన్నది ఆ రోజేనని నాకప్పుడు గుర్తొచ్చింది.

"కాదు. ఇవి వాపసు ఇవ్వడానికి వచ్చాను. నిప్పుకు పైసలుండవు" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. ఆ పెద్దమనిషి చేత్తో గోడ చూపించాడు. ఓట్ల జాబితా పక్కన మెతుకులతో అతికించిన కాగితం. పసుపు పచ్చబడింది. నా గుండ్రని అక్షరాలు. ఫైరింజను వచ్చినందుకు, మూడు గంటలు, రూ. 612.

"రేటు అందరికి ఎరుక ఉండాలె గదా అని సర్పంచి అతికిచ్చిండు" అన్నాడు. ఆ సర్పంచి అప్పటికి అన్నల బెదిరింపుకు పదవి వదిలి పట్నం వెళ్లిపోయాడు. కాగితం మాత్రం ఉంది.

దాన్ని రాసింది నేనేనని చెప్పాను. ఆ బిల్లు బాయి నీళ్లకని, తప్పు నాదని చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఒక ముసలామె నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వేం తప్పు జేసినవు బిడ్డా? అన్నలత్తే ఇత్తన్నం. పోలీసోళ్లత్తే ఇత్తన్నం. సారా కంట్రాక్టరు అడిగితే ఇత్తన్నం. మంట ఆర్పెటోళ్లకు ఇయ్యమా?"

నేను పుస్తకాల్లో చదువుకున్న ప్రభుత్వం, నేను జీతం తీసుకున్న ప్రభుత్వం, వాళ్ల లెక్కలో ఆ వరసలో నాలుగోది.

పేరు పేరునా పిలిచి నోట్లు ఇచ్చాను. కొందరు కళ్లకద్దుకున్నారు. నన్ను భయపెట్టింది నిప్పు కాదు, అది. చూడలేక పేర్ల కాగితం వైపే చూస్తూ పిలిచాను. మొదటి పేరును చివరికి ఉంచుకున్నాను. లచ్చవ్వ బిడ్డ కొడిమ్యాల నుంచి వచ్చి ఉంది. నలభై ఏళ్ల మనిషి. నోటు అందుకుని మడత విప్పింది, మళ్లీ మడిచింది.

"అందరికంటె ముందుగాల మా అవ్వే ఇచ్చిందట" అంది.

"అవును. పేరు మొదట ఉంది."

"పైసలు ముందుగాల ఇచ్చింది గదా మేడం. మరెందుకు రాకపోతిరి?"

  లేచి, ఆ బిల్లును గోడ మీద నుంచి గోటితో గీరి తీశాను. సగమే ఊడింది. మిగతా సగం మీద మల్లయ్య నీళ్లు చల్లి రుద్దాడు.

పై అధికారి లెక్క

మరునాడు మా పై అధికారి దగ్గరికి పోయాను. అరవై ఒక్క ఊళ్లకూ దండోరా వేయిద్దాం, నిప్పుకు ఫైరింజను ఉచితమని చెప్పిద్దాం అన్నాను. ఆయన చెడ్డవాడు కాడు. లంచం ముట్టనివాడు. నవ్వి, నాతో ఇలా అన్నాడు:

"అట్ల చెప్తే దినాం నాలుగు కాల్స్ అస్తయమ్మా. ఇప్పుడు వారానికి నాలుగు. డీజిల్ నువ్వు పోస్తవా?"

 జనానికి తెలియకపోవడం మీద మా డీజిల్ బతుకుతోంది. పిలుపులు తక్కువని పై నుంచి పైసలు తక్కువ. పైసలు తక్కువని పిలుపులు పెరగకుండా చూసుకోవడం. ఇది ఒక మంచి మనిషి నోటి నుంచి, నవ్వుతూ వచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు చెబుతున్నాను: మన శాఖలో దుర్మార్గులకంటే ఇలాంటి పొదుపరులతో ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. సరిగ్గా తొమ్మిదో రోజున ఒక పెద్ద నాయకుడి సభ కోసం మైదానంలో దుమ్ము అణచడానికి మా బండి మూడు ట్యాంకుల నీళ్లు చల్లింది. ఆ రోజు డీజిల్ ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. అడగాల్సింది.

నేను చేసింది ఇంతే. పదిహేను పైసల పోస్టుకార్డులు అరవై ఒకటి కొన్నాను. తొమ్మిది రూపాయల పదిహేను పైసలు. ప్రతి సర్పంచికీ ఒకటే మాట రాశాను: "నిప్పు అంటుకుంటే వెంటనే కబురు చేయండి. పైసలు అక్కరలేదు. ఎవరు అడిగినా ఇవ్వకండి."

ఆరో రోజున పోలీసుస్టేషనుకు పిలిచారు. పోస్టాఫీసులో ఆపి తెచ్చిన నా పోస్టుకార్డులు బల్ల మీద పేర్చి ఉన్నాయి. ఇన్ని ఊళ్లకు ఒకే మాట, పైగా "ఎవరు అడిగినా పైసలివ్వకండి" అంటే అందులో ఇంకేదో అర్థం ఉందని వాళ్ల అనుమానం. రెండు గంటలు కూర్చోబెట్టారు. చివరికి ఇన్‌స్పెక్టరు, "మంటకు పైసలడుగరని గీ జనానికి ఎరుక లేదా అమ్మా?" అన్నాడు.

"మీ ఊరివాళ్లకు ఎరుకేనా సార్?" అని అడిగాను.

 ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఒక కార్డు లాగి, దాని మీది ఊరు కొట్టేసి వాళ్ల ఊరి పేరు రాసుకున్నాడు. మిగతావి పంపించారు. ఎన్ని చేరాయో తెలియదు. ఏడు మాత్రం వెనక్కి వచ్చాయి, మనిషి ఊళ్లో లేడని.

సిరిసిల్ల ఫోను

ఆ తరువాత ఫోను ఎత్తినప్పుడల్లా "ఎక్కడ" అన్న మాట కంటే ముందు "పైసలు అక్కరలేదు, చెప్పండి" అనేదాన్ని. మూడు క్షణాల మాట. నా తరువాత కూర్చున్నవాళ్లకూ అదే నేర్పాను. కొందరు నవ్వారు. నవ్వినా నేర్చుకున్నారు.

రిటైరయ్యే ముందు సిరిసిల్లలో ఉన్నాను. జూన్ నెల, మంగళవారం, పొద్దున పది గంటల ఎనిమిది నిమిషాలు. ఫోను మోగింది. వెనక మరమగ్గాల చప్పుడు, ఆడవాళ్ల కేకలు.

"పైసలు అక్కరలేదు, చెప్పండి" అన్నాను.

అవతల ఒక ఆడగొంతు భగ్గుమంది. "పైసలా? నీకు పైసలెవలిత్తమన్నరు? సాంచల షెడ్డు కాలుతాంటే పైసల ముచ్చట పెడ్తవేందే! మేం కట్టిన పన్నులతోని గాదా నీ జీతం? బండి తోలు ముందుగాల! లేటైతే అచ్చి నీ ఆఫీసుకే అగ్గి వెడ్త!"

అడ్రసు అడిగాను. తిడుతూనే చెప్పింది, గల్లీతో సహా. పది గంటల తొమ్మిది నిమిషాలకు బండి కదిలింది. పదీ పదహారుకు చేరింది. రెండు సాంచలు, అంటే మరమగ్గాలు, పోయాయి. మనుషులందరూ బయట ఉన్నారు.

మధ్యాహ్నం ఆమె నిజంగానే ఆఫీసుకు వచ్చింది. చేతులనిండా మసి. "పొద్దుగాల ఫోన్ల మాట్లాడింది ఎవలు?" అని అడిగింది. నేనే అన్నాను. కొంచెం సిగ్గుపడి, "ఏమనుకోకు అక్కా, శానా తిట్టిన" అంది.

కూర్చోమన్నాను. నా టిఫిను డబ్బా మూత తీసి సగం అన్నం ఆమెకు పెట్టాను. ఎందుకు పెడుతున్నానో ఆమెకు తెలియదు. "మేం కట్టిన పన్నులతోని గాదా నీ జీతం" అని తిట్టిన మాట మళ్లీ ఒకసారి చెప్పమని అడిగాను. వింతగా చూసింది, నవ్వింది, చెప్పింది. చెప్పింది చెప్పినట్టే, టైముతో సహా, డైరీలో రాసుకున్నాను.